అయ్యగారూ, మా పిల్ల కారు పందేలకు వెళ్తానంటోంది

ఈ సంగతి పత్రికకు వ్రాయవలెనా వద్దా అని మేము చాలా దినములు ఆలోచించాము. వ్రాస్తే మా తప్పు కూడ వ్రాయవలసి వస్తుంది. అయితే మా సంఘములోని ఆ తండ్రి, "రాయండి అయ్యగారూ, పేర్లు మాత్రం వద్దు" అని ఒప్పుకొన్నందున వ్రాయుచున్నాము.

మా సంఘము విశాఖపట్టణములో గాజువాకకు దగ్గర. ఆదివారము కానుక సంచి పట్టుకొనే చేతులలో సగము చేతులకు నిప్పురవ్వల మచ్చలుంటాయి. ఉక్కు కర్మాగారములోను, ఓడరేవులోను పనిచేసేవారు మా విశ్వాసులు. పర్మినెంటు ఉద్యోగులు కొద్దిమంది, కాంట్రాక్టు కార్మికులు ఎక్కువమంది. చాలామంది పెద్దలు చోడవరం, అనకాపల్లి వైపు పల్లెలనుండి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడినవారు.

2024 సెప్టెంబరులో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరు వెళ్ళిపోయిన తరువాత, వెల్డింగు పనిచేసే ఒక సహోదరుడు గుమ్మము దగ్గర నిలబడియున్నాడు. ప్రక్కన ఆయన కుమార్తె. మెకానికల్ ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుచున్నది. మేము సండేస్కూలునుండి ఎరిగిన పిల్ల.

"అయ్యగారూ, మా పిల్ల కారు పందేలకు ఎల్తానంటోందండి. మీరే కాస్త బుద్ధి చెప్పాల" అన్నాడు.

సంగతి ఏమనగా, ఆ కళాశాల విద్యార్థులు పదిహేనుమంది కలిసి ఒక కార్టు తయారుచేయుచున్నారు. కాలేజీల మధ్య పోటీకి తమిళనాడు తీసుకువెళ్తారట. దానిని నడుపుటకు ఈ అమ్మాయిని ఎన్నుకున్నారు. జట్టులో అందరికంటె తక్కువ బరువు ఆమెదే. అంత చిన్న బండిలో పది కిలోల బరువు తగ్గితే ఎంతో తేడా వస్తుందట.

మేము ఆమెను ఒక్క ప్రశ్న కూడ అడగలేదు. "ఆడపిల్లకు ఆ ఆటలు ఎందుకమ్మా? చదువు చూసుకో" అన్నాము. తండ్రి తల ఊపాడు. మా మాటతో పని అయిపోయినదనుకున్నాము.

ఎందుకంత తొందరగా అన్నామో చెప్పవలెను. ఆ సంవత్సరమే ఏప్రిల్ నెలలో మేము 19 ఏళ్ళ యౌవనస్థుని భూస్థాపన చేసియున్నాము. రాత్రి స్నేహితులతో పందెము వేసుకొని బీచ్ రోడ్డుమీద మోటారు సైకిలు నడిపినాడు. మా యౌవనస్థుల కూటములో వేగముగా బండి నడిపేవానిని 'యెహూ' అని పిలుస్తారు. రాజుల గ్రంథము చదివినవారికి ఎందుకో తెలుస్తుంది. ఆ కుర్రవానిని మేము కూడ ఒకటి రెండుసార్లు నవ్వుతూ అలాగే పిలిచాము. ఆ ఇంటిలో మేము కూర్చున్న కుర్చీకి ఎదురుగా గోడ మేకుకు అతని హెల్మెట్టు తగిలించియున్నది. దానిమీద చిన్న గీత కూడ లేదు. అప్పటినుండి పందెము అనే మాట వింటే మాకు ఆ మేకు కనబడేది.

ఆ అమ్మాయి మా మాటకు ఎదురు చెప్పలేదు. వెళ్ళబోతూ మాత్రము ఇలా అన్నది: "అయ్యగారూ, ఆ అన్నయ్య హెల్మెట్టు ఎందుకు పెట్టుకోలేదండి? మా పోటీలో హెల్మెట్టు లేకపోతే బండి దగ్గరకే రానివ్వరు." తరువాత మా ఫోనుకు ఒక అమ్మాయిని గురించిన వార్త పంపించి, క్రింద "ఇది చదివి అప్పుడు చెప్పండి" అని వ్రాసినది.

మేము చదివినది వేదాంత డిప్లొమా. ఇంజనును గూర్చి మాకు తెలిసినదంతా మా పాత స్కూటరు నేర్పినదే. అయినను ఆ వార్తతో మొదలుపెట్టి చాలా చదివాము. ఆ రాత్రి మా సతీమణి, "రేపటి ప్రసంగమా?" అని అడిగితే, "కాదు, కారు పందెము" అన్నాము. ఆమె దీపము ఆర్పకుండా లేచి కూర్చున్నది.

ఆ వార్తలోని అమ్మాయి పేరు శ్రియా లోహియా. హిమాచల్ ప్రదేశ్, మండి జిల్లా, సుందర్‌నగర్ అనే కొండ ఊరు. 9 ఏళ్ళ వయస్సులో కార్టు నడపడము మొదలుపెట్టినది. 2022లో, 13 ఏళ్ళ వయస్సులో, ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారము అందుకొన్నది. 2024లో, 16 ఏళ్ళకు, ఫార్ములా 4 భారత ఛాంపియన్‌షిప్‌లో కారు ఎక్కినది. భారతదేశమునుండి ఆ తరగతికి వచ్చిన తొలి అమ్మాయి అని పత్రికలు వ్రాసాయి. ఏ జట్టు తరఫున అనుకున్నారు? హైదరాబాదు బ్లాక్‌బర్డ్స్. ఆ సంవత్సరమే సినిమా నటుడు నాగచైతన్య ఆ జట్టును కొన్నాడు. హిమాలయాల పిల్ల మన తెలుగు పట్టణము పేరుతో పరుగెత్తినదన్నమాట.

కార్టు అంటే ఏమిటో చెప్పకపోతే ఈమె ఎక్కడనుండి ఎక్కడికి వెళ్ళినదో పల్లెలోని మా పాఠకులకు తెలియదు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన, గడ్డి కోసే యంత్రముల ఇంజను ఒకటి తీసుకొని, ఇనుప గొట్టాల చట్రమునకు బిగించి మొదటి కార్టు తయారుచేసాడు. నేటికిని దాని రూపము అంతే. తలుపు లేదు, పైకప్పు లేదు, స్ప్రింగులు లేవు. కూర్చుంటే నడుము నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. మన ఎడ్లబండికి ఇరుసు కదలదు, చక్రాలు దేనికదే తిరుగుతాయి. కార్టుకు అలాగు కాదు. వెనుక రెండు చక్రాలు ఇరుసుకు బిగిసిపోయి మూడూ ఒకటిగా తిరుగుతాయి. మరి మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము పోవలెను గదా, లోపలి చక్రము తక్కువ పోవలెను గదా? అందుకని మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు వెనుక చక్రము నేలనుండి కొంచెము లేవవలెను. దానిని లేపేది ఆ చట్రము. ఉక్కు గొట్టము వెదురు బద్దవలె కొంచెము వంగి మరల యథాస్థితికి వస్తుంది. స్ప్రింగు లేని బండికి గొట్టమే స్ప్రింగు. ఇంత సంగతి ఆ గొట్టములో ఉన్నదని ఉక్కు నగరములో ఇన్ని సంవత్సరములు కాపురమున్న మాకు తెలియదు.

స్టీరింగు తిప్పితే రోడ్డు గరుకుతనము చేతికి తెలుస్తుంది. మలుపుల్లో ప్రక్కటెముకలు సీటుకు కొట్టుకొని కమిలిపోతాయి. పిల్లలు బ్రేకు ఎక్కడ వేయవలెను, మలుపులో ఏ గీత పట్టుకొని పోవలెను, ప్రక్కవానిని ఎప్పుడు దాటవలెను, ఎప్పుడు ఆగవలెను అనేవి అక్కడ నేర్చుకుంటారు. ఏడుసార్లు ప్రపంచ ఛాంపియనైన లూయిస్ హామిల్టన్ కూడ 8 ఏళ్ళకు కార్టుతోనే మొదలుపెట్టాడు. ఆ కార్టు ఖర్చుకోసము అతని తండ్రి ఒకే సమయములో మూడు నాలుగు పనులు చేసేవాడట. ఆ వాక్యము దగ్గర మేము కాసేపు ఆగాము. మా వెల్డరు సహోదరుడు కూడ షిఫ్టు దిగిన తరువాత గ్రిల్లులు చేసి అమ్ముతాడు.

కార్టు తరువాత మెట్టు ఒంటి సీటు కారు. ఒక్కరే కూర్చుంటారు, నాలుగు చక్రాలు బయటకు కనబడతాయి. అందులో మొదటిది ఫార్ములా 4, ఆ పైన 3, 2, చివరకు 1. మన దేశపు ఫార్ములా 4 పోటీ 2023లో మొదలైనది. ఫ్రాన్సులో మిగాల్ కంపెనీ చేసిన కారు వాడుతారు. గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఆరు పట్టీలతో మనిషిని సీటుకు కట్టివేస్తారు. తలపైన 'హేలో' అనే వంపు కమ్మీ ఉంటుంది. 2020లో బహ్రెయిన్‌లో రోమాన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చుకొని రెండు ముక్కలై మండిపోయినప్పుడు, ఆ కమ్మీ తలకు అడ్డుగా ఉన్నందున అతడు మంటలలోనుండి తానే లేచి బయటకు వచ్చాడు. ఈ ఫార్ములా 4 కారుకు పవర్ స్టీరింగు ఉండదు. భుజములు, మెడ, నడుము గట్టివి కానివారు పట్టలేరు. ఆడువారికి వేరే పోటీ, మగవారికి వేరే పోటీ అని కూడ లేదు. అందరికీ ఒకటే ట్రాకు, ఒకటే గడియారము.

శ్రియ ఒక్కతే కాదు. వడోదరకు చెందిన మీరా ఎర్డా కూడ 9 ఏళ్ళకే కార్టు ఎక్కి తరువాత ఒంటి సీటు కార్లు నడిపినది. ముంబయి స్నేహా శర్మ ఉద్యోగము విమానము నడపడము, సెలవు దొరికితే పందెపు కారు నడపడము. 2022లో మొదలైన ఇండియన్ రేసింగ్ లీగులో ప్రతి జట్టులోను ఒక స్త్రీ ఉండవలెనని నియమము పెట్టారు. ఆ పందెపు కార్లు ఆ సంవత్సరము హుస్సేన్‌సాగర్ ఒడ్డున తిరిగాయి. హైదరాబాదులో బంధువులున్నవారికి ఆ ట్రాఫిక్కు జ్ఞాపకముండే యుంటుంది.

మాకు అందరికంటె నచ్చినది లెల్లా లొంబార్డి కథ. ఇటలీలో మాంసము అమ్ముకొనే కుటుంబము. ఆమె తండ్రి దుకాణమునుండి సరుకు వ్యానులో ఇళ్ళకు చేరవేస్తూ బండి నడపడములో చేయి తిరిగినది. ఆ వ్యాను పిల్ల 1975లో స్పెయిను దేశములో జరిగిన ఫార్ములా 1 పందెములో ఆరవ స్థానమున ఉన్నది. ఒక కారు జనములోనికి దూసుకుపోయినందున పందెము మధ్యలో ఆపివేసారు. అందుచేత ఆమెకు సగము పాయింటు మాత్రమే ఇచ్చారు. ఆ సగము పాయింటు తరువాత ఇప్పటివరకు మరే స్త్రీకి ఫార్ములా 1లో పాయింటు రాలేదు. 2023లో ఫార్ములా 4 తరగతి కార్లతో ఆడపిల్లలకొరకే 'ఎఫ్1 అకాడమీ' అని ఒక పోటీ పెట్టారు, చూడవలెను.

ఇదంతా చదివి మేము మెత్తబడిన మాట నిజమే గాని, డబ్బు దగ్గరకు వచ్చేసరికి మరల కోపము వచ్చినది. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలో పనిచేసి పెంచినది. ఆమె 2022లో 100 మీటర్ల హర్డిల్స్ 13 సెకన్లలోపు పరుగెత్తి, ఆ పని చేసిన తొలి భారత స్త్రీ అయినది. పేద ఇంటి పిల్లకు పరుగు ఉన్నది. బూట్లు, మంచి గురువు, తిండి ఉంటే చాలు. ఈ ఆటకు అలా కాదు. టైర్లు అరిగిపోతాయి, ఇంజను విప్పి కట్టవలెను, మెకానిక్కు, ప్రయాణములు, ప్రవేశ రుసుము. సంవత్సరమునకు లక్షలలో మాట. శ్రియ 9 ఏళ్ళకు మొదలుపెట్టినది. మా అమ్మాయికి అప్పటికే 20. ఆమె ఒంటి సీటు కారు ఎక్కుతుందని తలిదండ్రులకు ఆశపెట్టుట మోసమే అవుతుంది. ఆ మాట ఆమెతోనే అన్నాము. "నాకు తెలుసు అయ్యగారూ. నన్ను ఈ ఒక్క పోటీ నడపనివ్వండి. ఆ పైన, కారు నడిపేవాళ్ళకి కారు సిద్ధం చేసే జట్టులో పని దొరికితే చాలు" అన్నది. మా కంటె ఆమెకే లెక్క బాగా తెలుసు.

ప్రమాదము సంగతి దాచము. 2023లో మద్రాసు ట్రాకుమీదనే జనవరిలో 59 ఏళ్ళ అనుభవజ్ఞుడు ఒకరు కారు పందెములో పోయాడు, ఆగస్టులో బెంగుళూరుకు చెందిన 13 ఏళ్ళ బాలుడు మోటారు సైకిలు పందెములో పోయాడు. హెల్మెట్టు ఉండికూడ పోయారు. అక్కడ ఏమీ కాదని ఏ తల్లికీ మేము మాట ఇవ్వలేము. కాని అదే వరుసలో మరొక లెక్క కనబడినది. 2022లో మన దేశపు రోడ్లమీద చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో హెల్మెట్టు పెట్టుకోనివారు 50,029 మంది. ట్రాకుమీద పసుపు జెండా ఊపితే ఎవరూ ఎవరినీ దాటరాదు, ఎర్ర జెండా ఊపితే అందరు ఆగవలెను. వైద్యుడు, అంబులెన్సు వచ్చి నిలబడేవరకు పందెము మొదలుపెట్టరు. మన కూర్మన్నపాలెము జంక్షనులో రాత్రి లారీల నడుమ మా సంఘపు పిల్లలకు ఏ జెండా ఉన్నది?

ఇప్పుడు మా తప్పు. ఏప్రిల్‌లో ఆ భూస్థాపన అయిన తరువాత మేము స్కూటరు ఎక్కి ఇంటికి వచ్చాము. తలమీద హెల్మెట్టు లేదు. జుట్టు చెదరుతుందని, దగ్గరే గదా అని, పాదిరిని ఏ పోలీసు ఆపుతాడులే అని, ఎన్ని సంవత్సరములో అలాగే తిరిగాము. ఆ యెదుటి గోడ చూచికూడ అలాగే వచ్చాము. ఆ అమ్మాయి గుమ్మము దగ్గర అడిగిన ప్రశ్న చనిపోయిన అన్నయ్యను గూర్చి మాత్రమే కాదేమో. మా స్కూటరు అక్కడే నిలబడియున్నది.

అక్టోబరులో ఒక సాయంకాలము ఆటోనగర్‌లో వారు కార్టు చేస్తున్న షెడ్డుకు వెళ్ళాము. తండ్రిని కూడ మేమే పిలుచుకొని వెళ్ళాము. చట్రము రెండు స్టూళ్ళమీద పెట్టియున్నది. ఆయన ఎవరితోను మాట్లాడకుండా చట్రము చుట్టూ తిరిగి, ప్రతి అతుకుమీద బొటనవేలు పెట్టి చూచుచున్నాడు. ఒకచోట ఆగాడు.

"ఇది ఎవరు ఏసారు?"

"నేనే నాన్నా."

"పైకి బాగుంది. లోపల పట్టలేదు."

గ్రైండరు అడిగి తీసుకొని ఆ అతుకు అంతయు తీసివేసాడు. తాను చేస్తే రెండు నిమిషాల పని. చేయలేదు. హోల్డరు కూతురి చేతికి ఇచ్చి, "మళ్ళీ ఎయ్" అన్నాడు. రెండవసారి కూడ తీసివేసాడు. మూడవసారి చల్లారేవరకు చూచి, సుత్తితో కొట్టి, చెవి దగ్గర పెట్టి విని, "ఊఁ" అన్నాడు. బుద్ధి చెప్పమని మా దగ్గరకు తీసుకువచ్చిన సంగతి ఆ తరువాత ఆయన ఎత్తలేదు, మేమును ఎత్తలేదు.

తల్లి మాత్రము చాలా దినములు మాతో సరిగా మాట్లాడలేదు. స్త్రీల సమాజములో మా సతీమణికి తన భయము చెప్పుకొని ఏడ్చినదట. అయితే చివరకు చీటీ పాడి, నష్టానికే పాడి, పోటీవారు ఒప్పుకొనే రకము హెల్మెట్టు కొన్నది ఆమెయే. మామూలు దుకాణములో దొరికేది పనికిరాదని చెప్తే, "అయితే పనికొచ్చేదే కొను" అన్నదట.

2025 జనవరిలో పోటీ జరిగినది. మొదట బ్రేకు పరీక్ష పెడతారు. వేగముగా వచ్చి బ్రేకు త్రొక్కితే వెనుక చక్రాలు రెండూ బిగిసిపోయి ఆగవలెను. మొదటిసారి ఆగలేదు, నూనె గొట్టములో గాలి చేరినది. గాలి తీసి మరల పెట్టారు, నెగ్గారు. పందెములో ముందువారిని ఇద్దరిని దాటినది. తరువాత చైను ఊడిపోయినది. ఆ రాత్రి ఫోను చేసి మొదట వందనాలు కూడ చెప్పలేదు. "అయ్యగారూ, 14 చుట్లు!" అన్నది. బహుమానము ఏమీ రాలేదు. తండ్రి అడిగిన ప్రశ్న ఒక్కటే: "అతుకు?" "నిలబడింది నాన్నా."

వారు తిరిగి వచ్చిన ఆదివారము మేము గుడికి స్కూటరుమీద వెళ్ళాము. క్రొత్త హెల్మెట్టు. మా తల కొంచెము పెద్దది, సరిపోయినది దొరకుటకు మూడు దుకాణములు తిరగవలసి వచ్చినది. ఆ అమ్మాయి గేటు దగ్గర నిలబడి మమ్మును చూచి నవ్వలేదు. దగ్గరకు వచ్చి గడ్డము క్రిందకు చూచినది.

"అయ్యగారూ, పట్టీ పెట్టుకోలేదండి."

అప్పటికే స్కూటరు ఆపియున్నాము, దిగబోవుచున్నాము. అయినను ఆమె చూచుచుండగా పట్టీ బిగించి, మరల తీసి దిగాము.